మామ్మ అప్పీలు... చిన్నతాతయ్య తోడు

నేను రెండో తరగతి చదివే రోజుల్లో... హైకోర్టు వాయిదా ఉందంటే మా ఇంట్లో పెళ్ళికి బయల్దేరినంత హడావిడి. మామ్మ పెందలాడే లేచి పులిహోర కలిపేది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకునేది.

కంకిపాడు దగ్గర మా పొలం. దానికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ చిన్నతాతయ్య చేలోంచి రావాలి. ఆయన మా తాతయ్యకి వరసకు తమ్ముడు. తాతయ్య పోయాక ఏదో మాటపట్టింపు వచ్చి ఆయన ఆ కాలువ పూడ్చేశాడు. కింది కోర్టులో మేం ఓడిపోయాం. మామ్మ హైదరాబాదులో హైకోర్టుకి అప్పీలు వేసింది. అక్కడా ఓడితే మా చేను ఇక బీడే.

మీరు రానక్కర్లేదని వకీలుగారు ఎంత చెప్పినా మామ్మ వినేది కాదు. "నా మొహం చూడకుండా జడ్జిగారు తీర్పెట్టా చెప్తారండీ?" అనేది. ఆవిడ వెళ్తోందని తెలిసి చిన్నతాతయ్యా బయల్దేరేవాడు. తను లేకపోతే తీర్పు అటు ఒరిగిపోతుందని ఆయన భయం.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. ఊళ్ళో ఎదురుపడితే మొహాలు తిప్పుకునే ఇద్దరూ బెజవాడలో ఒకే రైలుపెట్టె ఎక్కారు... చిన్నతాతయ్య ముందే తువ్వాలు వేసి మామ్మకి కిటికీ పక్కన చోటు ఆపాడు. కొండపల్లి దాటకముందే పులిహోర డబ్బా మూత తీశారు.

"షుగరున్న మనిషివి, ఆకలితో కూర్చోకూడదు. తిను" అంది మామ్మ.

"పులుపు తగ్గింది వదినా" అన్నాడాయన, మళ్ళీ పెట్టించుకుంటూ.

హైదరాబాదులో బస కూడా ఇద్దరికీ మా మేనత్త ఇంట్లోనే. పొద్దున్నే కలిసి కాఫీ తాగి, చెరో వకీలు దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు ఒకటే నవ్వు.

చివరికి మామ్మే గెలిచింది. ఆ కబురొచ్చిన మర్నాడు చిన్నతాతయ్యే పార పట్టుకొచ్చి కాలువ తవ్వాడు. మా చేలోకి నీళ్ళు దిగుతుంటే మామ్మ గట్టు మీద నిలబడి ఏడ్చింది. సంతోషం అనుకున్నాను.

"ఇంక మనకి హైదరాబాదులో పనేముంది వదినా" అన్నాడాయన.

మొన్న ఆన్‌లైన్‌లో పాత తీర్పులు వెతుకుతుంటే ఆ అప్పీలు కనిపించింది. అప్పీలుదారు మామ్మ, ప్రతివాది చిన్నతాతయ్య... కాసిన్ని పేజీల ఇంగ్లీషు. ఇద్దరి పేర్లూ ఒకేచోట చూసేసరికి ఆ పులిహోర డబ్బా గుర్తొచ్చింది.

ఎందుకు వెతికానంటే... ఆ పొలం మీదే ఇప్పుడు మా అన్నయ్యకీ నాకూ అప్పీలు నడుస్తోంది. బెజవాడ ఆటోనగర్‌లో అన్నయ్య లారీ రిపేర్ల షెడ్డు, మా ఇంటికి దగ్గరే. వాయిదా ఎప్పుడో ఇద్దరికీ ఫోన్లోనే తెలిసిపోతుంది. కలిసి వెళ్ళే పనే లేదు. అన్నయ్యతో మాట్లాడి ఏళ్ళయింది.

మీ ఇళ్ళలోనూ ఇలా కలిసి కోర్టుకెళ్ళి, కలిసి తిరిగొచ్చిన పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళలో ముందు ఎవరు పలకరించేవాళ్ళో, ఏమని పలకరించేవాళ్ళో కాస్త రాయండి... నాకు ఆ మొదటి మాటే దొరకడం లేదు.