బావగారు విప్పిన పుస్తకం

మొన్న ఆదివారం మా మేనకోడలు నన్ను అల్ ఖూజ్ పేటలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటలుకు తీసుకెళ్ళింది. గోడ నిండా పుస్తకాలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపి ఒకటి లాగబోతే కదల్లేదు. అలంకారానికని వెనక బంక పెట్టి అతికించారట. అద్దె పుస్తకం కోసం వరుసలో నిలబడి పెరిగిన నా యీడువారికి ఆ క్షణం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఆ పేటలోనే, రెండు సందుల అవతల, మా బావగారి గోడౌను ఉండేది.

మా బావగారు, అంటే మా అక్క భర్త, గుంటూరు వైపు నుంచి ఈ గల్ఫ్ దేశం వచ్చి, భవనాలు కట్టేచోట నిలబెట్టే ఇనుప పైపులను అద్దెకిచ్చే వ్యాపారంలో బాగా గడించిన మనిషి. దిక్కులేక పోయినవాడి శవాన్ని ఊరు చేర్చడానికైనా, వీసా ఇచ్చిన కఫీల్ వదిలేసినవాడికి టిక్కెట్టు కొనడానికైనా ఆయన చెయ్యి వెనకాడేది కాదు. మిగిలిందంతా పాత తెలుగు పుస్తకాలకు పోసేవారు. గోడౌనులో ఒక పక్క తుప్పు వాసన కొట్టే పైపులు, మరో పక్క ఏసీ గదిలో బీరువాలు: వితంతు వివాహాల మీద వెనకటివాళ్ళు కొట్టుకున్న కరపత్రాలు, ఎప్పుడో మూతపడ్డ పత్రికల సంపుటాలు, పేరే మరుపునపడ్డ నవలలు.

నేను జీవితమంతా వేదికలెక్కి కులాన్నీ ముహూర్తాలనూ దేవుణ్ణీ కడిగిపారేసినవాణ్ణి. ఆయనేమో విజయదశమికి ప్రతి బీరువాకూ పసుపు రాసి, ప్రతి అట్టకూ బొట్టు పెట్టే ఆస్తికుడు. అరుదైన పుస్తకం మీద కుంకుమ మరక చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నాస్తికుడు బావమరిదిగా దొరకడం పూర్వజన్మ పాపమని ఆయన నవ్వేవారు. నాకు పూర్వజన్మ లేదు గనక ఆ పాపం మొత్తం మీదేనని నేననేవాణ్ణి.

కరోనా వచ్చిన ఏడాది అక్కను చూడవచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. బావగారికి గుండె జబ్బు బయటపడింది కూడా ఆ రోజుల్లోనే. ఒకనాడు ఆయన బీరువాల మధ్య కూర్చుని, తను పోయేలోగా ఈ పుస్తకాలను ఎవరైనా చదువుతుంటే కళ్ళారా చూడాలని ఉందన్నారు. ముసఫ్ఫాలోని కూలీల క్యాంపుల్లో పనులాగి గదుల్లో ముడుచుకున్న మన తెలంగాణ కూలీలకు బియ్యం, పప్పు సంచులతోబాటు పుస్తకాలు కూడా పంపించారు. ఆంక్షలు సడలాక ఇద్దరం వెళ్ళి చూద్దుము గదా, మా పుస్తకాలన్నీ పంపిన ప్లాస్టిక్ సంచులతోనే, బొట్లు పెట్టించుకుని, దేవుడి పటాల పక్కన వరుసగా నిలబడి ఉన్నాయి.

నేను గుమ్మంలోనే ఉపన్యాసం అందుకున్నాను. జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"కింది మంచం మీద పెడితె మీదోని కాళ్ల కింద ఉంటది సార్. మీద పెడితె దిగేటప్పుడు కాలు తాకుతది. ఈ రూంల సదువుల తల్లికి జాగ ఏడున్నదో మీరే సూపెట్టుండ్రి."

గదంతా నవ్వింది. ఇది మూఢత్వమని నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. బావగారు మాత్రం ఆ రెండంతస్తుల మంచాలను చూసి, తర్వాత ఆ మేస్త్రి చొక్కా జేబులో మడిచి ఉన్న పాత దినపత్రిక ముక్క మీదే చూపు నిలిపారు.

మర్నాడు గోడౌనులో ఆయన ఒక పాత నవలను బల్ల మీద పెట్టారు. భర్త పోయిన అమ్మాయి ఊరినెదిరించి బడి పెట్టుకునే కథ. దానికి మరో ప్రతి ఎక్కడైనా ఉన్నట్టు మేమెరగం. సన్నటి కత్తితో ఆయన వెన్ను మీది కుట్టు దారాలు కోయసాగారు. అచ్చాఫీసువాళ్ళు ఫారాలంటారే, ఆ పదహారేసి పేజీల మడతలు ఒక్కొక్కటే విడిపోతుంటే, పుస్తకమంటే కాగితం, సిరా తప్ప మరేమీ కాదని ఊరూరా చెప్పిన నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. జిరాక్సు తీయించి పంపుదాం, అసలు ప్రతిని వదిలేయండని బతిమాలాను.

"సహపంక్తి భోజనాలు పెట్టించినవాడివి కదటోయ్," అన్నారాయన నా చెయ్యి తప్పించి. "వాళ్ళ విస్తట్లో నకలు అన్నం వడ్డించావా?"

ఏ వేదిక మీదా నేనంత చిత్తుగా ఓడిపోలేదు.

ఆ ఫారాలను క్యాంపులో తలా ఒకటి పంచారు. విడి ఫారం పుస్తకం కాదు గనక దానికి బొట్టు అక్కర్లేదు. జేబులో గుండెల మీద ఉంటుంది గనక కాలూ తగలదు. కాకపోతే తర్వాతి కథ కావాలంటే అది ఎవరి జేబులో ఉందో వెతుక్కోవాలి. పనులు మొదలయ్యాక ఒక సాయంత్రం బావగారు పట్టుబట్టి నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ కంపెనీ బస్సెక్కారు. మా వెనక సీట్లో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తున్నాడు.

"యల్లా భాయ్, నీది ఖలాస్ అయిందా లేదా? ఆ పిల్ల బడి ఉన్నదో, కాలవెట్టిన్రో తెల్వక నాకు బువ్వ వోతలేదు."

బావగారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఎండ కొడుతోందన్నారు. అప్పటికే పొద్దు వాలిపోయింది.

చెమట మరకలతో, సిమెంటు వేలిముద్రలతో ఫారాలన్నీ తిరిగొచ్చాయి, నడిమిది ఒక్కటి తప్ప. అది తీసుకున్నవాడు దూరాన కల్బా అనే ఊళ్ళో ఏదో దుకాణంలో పనికి మారాడట. నేను ఫోను చేసి నిలదీస్తానంటే బావగారు ఒప్పుకోలేదు. రాలేదంటే ఎవడో ఇంకా చదువుతున్నాడనే అర్థమన్నారు. మరుసటి ఏడు ఆయన పోయారు. మిగతా పుస్తకాలను అక్క ఆయన కోరినట్టే మన పల్లెల గ్రంథాలయాలకు పంపేసింది. ఆ విడి ఫారాల కట్ట మాత్రం నేనడిగి తెచ్చుకున్నాను. దారం చుట్టి ఉంచానే గాని కుట్టించలేదు. కుట్టిస్తే ఆ నడిమిదానికి చోటుండదు.

ఇప్పుడు ఆ బస్సుల్లో ప్రతి మొహం మీదా ఫోను వెలుతురే. సైన్సును తిట్టే నోరు కాదు నాది. ఏ పుస్తకమైనా ఎవడి అరచేతిలోకైనా మొత్తంగా వస్తున్నందుకు సంతోషమే. కానీ మొత్తం దొరికినవాడు పక్కవాణ్ణి అడగడం మానేశాడు. ఇంకో సంగతి, చదవనివాళ్ళ మీద అంత ఎగిరిన నేను ఆ నవలను చదివింది కూడా ఫారాలు తిరిగొచ్చాకనే. చివర్లో ఆ అమ్మాయి బడి నిలిచే ఉంటుంది. ఎలా నిలిచిందో ఆ నడిమి పేజీల్లో ఉంది. కల్బా నుంచి వచ్చిన తెలుగువాడెవడు కనిపించినా, ఆ పిల్ల బడి సంగతి తెలుసా అని ఇప్పటికీ అడుగుతుంటాను.