తెల్ల చొక్కా మీద పసుపు

పులివెందులలో ఒక సార్ ఉన్నాడు. పాతకాలం మిలిటరీ వాళ్ల చిన్న చిన్న బొమ్మలు కొని దాచుకుంటాడు. అప్పటి నేవీ డ్రెస్సుల పటాలు నా ఫోన్‌కు పంపిస్తే, వాటిని చూసి బొమ్మలకు రంగులేస్తాను. ఈసారి వచ్చింది ఓడలో వంటాయన బొమ్మ. మా నాయన కూడా నేవీలో వంట చేసేవాడు. పోయినేడు చనిపోయాడు.

చొక్కాకు తెల్ల రంగు బాగా పట్టించి, ఈ రోజు సాయంత్రం అమ్మ ముందు పెట్టాను. పులుసులో పసుపు వేస్తున్న అమ్మ వంగి చూసింది.

"మీ నాయన లెక్కనే ఉండాడు గద అబ్బీ! గానీ సొక్కా ఇంత తెల్లగా యాడుండ్య? ఎప్పుడు సూసినా రొమ్ము మీద పసుపు మరకే. లీవుకొచ్చినప్పుడల్లా ఉతికి ఉతికి నా చేతులు, రెట్టలు పడిపోయేవి" అంటూ బొమ్మ చొక్కాను వేలితో తడిమింది. వేలికున్న పసుపు అంటుకుంది.

"అయ్యో, తుడ్సేయి అబ్బీ, సార్ తిడ్తాడు" అంది. కానీ బొమ్మను నా చేతికివ్వలేదు.

తెల్ల రంగు ఇంకా మిగిలే ఉంది. వేయబుద్ధి కాలేదు. సార్ పంపిన పటంలో ఆ మరక లేదు. రేపు బొమ్మ ఇచ్చేటప్పుడు ఆయనకు ఏం చెప్పాలో మీరే చెప్పండి.