తాయారమ్మ గారి రికార్డు

2006 చలికాలంలో నేను వర్జీనియాలో, హెర్న్‌డన్‌కు అరగంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఆడియో ప్రిజర్వేషన్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. హోదా ఘనంగా వినిపిస్తుంది గానీ, చేసేది పాత గ్రామఫోన్ రికార్డుల్లోని పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మా విభాగంలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల మన రంగస్థల గాయకుల రికార్డు ఏది వచ్చినా నా బల్ల మీదికే వచ్చేది.

ఒకరోజు హెర్న్‌డన్ నుంచి రమేష్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఫోన్ చేశాడు. అతని అత్తగారు సుభద్రమ్మ గారు కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారట. ఆవిడ తల్లి తాయారమ్మ గారు పెళ్లికి ముందు నాటకాల్లో పద్యాలు పాడేవారు. పెళ్లయ్యాక అత్తవారు మాన్పించేశారు. పిల్లలకు జోలపాట కూడా పాడనివ్వలేదట. ఎంత అన్యాయం! ఆవిడ పోయాక ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద ఒకే ఒక్క రికార్డు దొరికింది. పాత సూది గీరేస్తుందేమోనన్న భయంతో సుభద్రమ్మ గారు దాన్ని ఎవరిచేతా వేయించలేదు. ఎనభైకి దగ్గరపడిన ఆవిడకు తల్లి పాట ఒక్కసారి వినాలని కోరిక. ఉన్నది ఉన్నట్టుగా తీసుకురమ్మని రమేష్‌కు చెప్పాను.

చెప్పిన రోజుకే రమేష్, సుభద్రమ్మ గారు ఇద్దరూ వచ్చారు. పట్టుగుడ్డ విప్పి రికార్డును దీపం కింద పెట్టాను. నల్లగా నిగనిగలాడవలసింది బూడిదరంగులో, చారలు చారలుగా ఉంది. వేలు ఆనిస్తే జిగట.

తుడిచారా అని అడిగాను.

“అవును సార్. అత్తమ్మ ఏటా సరస్వతీ పూజకు దీనికి పసుపు, బొట్లు పెట్టేది. అంతా పట్టేసింది. అట్లనే మీ ఆఫీస్‌లో ఎట్ల ఇస్తాం? రబ్బింగ్ ఆల్కహాల్‌తో నీట్‌గా క్లీన్ చేసిన. మధ్యల పేపర్ లేబుల్ తడవకుండ జాగ్రత్తగ చేసిన.”

ఆ కాలపు రికార్డులను లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. లక్కకు నీళ్లు తగిలితే ఫరవాలేదు, ఆల్కహాల్, అంటే స్పిరిట్, తగిలితే కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం దాన్ని కరిగించేది స్పిరిట్‌లోనే. పాట ఉండేది వెంట్రుకవాసి గాడుల్లో. ఆ గాడులే చెరిగిపోయాయి. ఈ మాట ఆ ఇద్దరికీ చెప్పక తప్పింది కాదు.

అయినా ప్రయత్నం మానలేదు. మా దగ్గర రకరకాల వెడల్పుల్లో సూదులు ఉంటాయి. గాడి అడుగు పాడైతే పై అంచును, పై అంచు పాడైతే అడుగును పట్టుకునే సూది ఎంచుకుంటాం. ఉన్నవన్నీ మార్చి మార్చి వేశాను. ఎంతసేపూ పెనంలో నూనె కాగుతున్న చప్పుడే. ప్రాణం ఉసూరుమంది.

సూది లేబుల్ దగ్గరికి, రమేష్ తుడవని అంచులోకి చేరగానే చప్పుడు తగ్గింది. హార్మోనియం ఒక్క క్షణం వినబడి ఆగింది. ఆ వెంటనే, గదిలో మనిషి నిలబడి చెప్పినంత స్పష్టంగా, “ఇది పాడినది తాయారమ్మ” అని వినిపించింది. రికార్డులు విదేశాల్లో అచ్చయ్యే రోజుల్లో, ఏది ఎవరిదో అక్కడివాళ్లకు తెలియడానికి గాయకులు చివర తమ పేరు చెప్పే పద్ధతి వచ్చింది; ఆ తరువాత కూడా కొన్నేళ్లు అది సాగింది.

దొరికిందే చాలని నేను పొంగిపోయాను. సుభద్రమ్మ గారు మళ్లీ వేయమన్నారు. కళ్లు మూసుకుని విన్నారు.

“ఈ గొంతు నాకు తెలుసు నాయనా. రోజూ అన్నానికి పిలిచిన గొంతే కదా. పాట విందామనే వచ్చానండీ నేను.”

రమేష్ తల దించుకుని ఏడుస్తున్నాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, “ఊరుకో నాన్నా, బొట్లు పెట్టింది నేను కాదూ” అన్నారు.

తరువాత మా లైబ్రరీ సూచనల్లో “తుడవకండి” అన్నది మొదటి వాక్యంగా పెట్టించాను. పాత రికార్డులకు నిర్లక్ష్యమే శత్రువని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేర్పారు. నా బల్ల మీదికి వచ్చినవాటిలో బాగా పలికినవి మాత్రం, అటక మీద ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నవే.