మూసే బటన్

మా మరిది ఏ కొత్త ప్రోగ్రామునైనా ముందు మా తోడికోడలి చేత నొక్కించి చూసేవాడు. ఆమె పోయాక తనే నొక్కుకుంటున్నాడు, పక్కన ఆమె కుర్చీ అలాగే ఉంచుకొని. కంప్యూటరు తెలియని దుకాణాలవాళ్లకు ఎక్సెల్‌లో లెక్కలు వాటంతటవే చేసే మాక్రోలు రాసి, బటన్లు అమర్చి ఇవ్వడం అతని పని. బటన్లకు పేర్లు ఆమె పెట్టేది. "నాకర్థమైతే లోకానికి అర్థమైనట్టే" అనేది. ఆఖరుగా ఓ దర్జీకి చేసినదాంట్లో, మూసే బటన్ మీద "చాల్లే, ఇక లే" అని రాయించింది. అతణ్ణి రోజూ అన్నానికి పిలిచే మాట అదే.

నిన్న ఆ దర్జీ వచ్చాడు. "అన్నా, ఇంట్లో చాలదన్నట్టు కంప్యూటరు కూడా కసురుతోంది. మర్యాదగా 'ముగించు' అని మార్చకూడదా?"

"దానికెంతసేపు" అన్నాడు మరిది. దర్జీ వెళ్లాక తన దగ్గరున్న ఆ ప్రోగ్రాము తెరిచి, ఆ బటన్ మీద బాణం గుర్తు నిలిపాడు. పేరు మాత్రం మార్చలేదు. ఆ బటనే నొక్కి, లేచి అన్నానికి వచ్చాడు.