ఎరువుల కొట్టు ఫ్రెంచి మాస్టారు

పోయిన శుక్రవారం జగ్గయ్యపేటలో నా పరువు ఎలా పోయిందో చెబుతా, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. నాకు మాత్రం ఇంకా తలెత్తబుద్ధి కావడం లేదు.

నందిగామలో మాది ఎరువుల కొట్టని తెలుసుగా. నాకు ఫ్రెంచి వచ్చన్న సంగతి కూడా మీ చెవిన పడే ఉంటుంది. మా నాన్న ఊరంతా చాటింపు వేయించినంత పని చేశాడు మరి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి తీసుకున్నా. స్కోరింగ్ సబ్జెక్టని అందరూ తీసుకుంటుంటే నేనూ తీసుకున్నా, అంతే. తొంభై పైన మార్కులొచ్చాయి. కొట్టుకొచ్చిన రైతులందరికీ లడ్డూ చేతిలో పెట్టి మరీ చెప్పాడు నాన్న. అప్పట్నుంచి ఏ పురుగుమందు డబ్బా మీద అర్థంకాని అక్షరాలున్నా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా కలిపి కొట్టమంటున్నాడు" అని చెప్పి పంపేవాణ్ణి.

అసలు మా చదువు ఎలా సాగిందంటే, లెక్చరర్‌గారు బోర్డు మీద జవాబులు రాసేవారు. మేం చూసి రాసుకునేవాళ్లం, బట్టీ పట్టేవాళ్లం, పరీక్షలో దింపేసేవాళ్లం. రెండేళ్లలో ఒక్కరమైనా నోరు తెరిచి ఫ్రెంచి ముక్క పలికిన పాపాన పోలేదు. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మార్కులు చూసి మురిసిపోతున్న మనిషికి ఏం చెప్తాం?

మా అక్కా వాళ్లు ఉండేది జగ్గయ్యపేటలో. బావ ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయనకు ఈమధ్య ఆఫ్రికాలో, సెనెగల్ అనే దేశంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ బళ్లో అంతా ఫ్రెంచే. అక్క పిల్లలిద్దరు, శ్రావ్య ఆరో క్లాసు, కిట్టు మూడో క్లాసు. ఆ స్కూలు హెడ్ మేడం ముందు ఫోన్లో పిల్లలతో మాట్లాడతారట. భాష కాస్తో కూస్తో వస్తే ఎవరి క్లాసులో వాళ్లని వేస్తారు. రాకపోతే ఇద్దర్నీ కలిపి ఒకే గదిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడతారు. శ్రావ్యకు అదే బెంగ. "తమ్ముడి పక్కన కూర్చుని చదవాలా మామయ్యా? ఇక్కడ మా ఫ్రెండ్స్‌కి తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

బావ విజయవాడ నుంచి ఫ్రెంచి నేర్పే కేసెట్లు తెప్పిస్తానన్నాడు. అప్పుడన్నా నేను నోరు మూసుకోవచ్చుగా. "ఇంట్లో నేనుండగా కేసెట్లెందుకు బావా" అన్నా. అక్క మొహం వెలిగిపోయింది. "మా తమ్ముడికి తొంభై పైన వచ్చాయండీ" అంది, అదేదో బావకు తెలియనట్టు.

ఇక ప్రతి ఆదివారం సిమెంటు లారీల వెనకాల బస్సులో దుమ్ము తింటూ వెళ్లడం. తీరా పిల్లల ముందు కూర్చుని చూసుకుంటే నా బుర్రలో మిగిలింది ఒక్కటే. సోఫీ అనే స్నేహితురాలికి సెలవుల గురించి రాసే ఉత్తరం. పరీక్షలో తప్పకుండా వస్తుందని మా చేత బట్టీ పట్టించిన ఉత్తరం అది. ఏ మాట ఎలా పలకాలో తెలియదు కాబట్టి కనపడ్డ అక్షరమల్లా పలికించా. "మా చెరె సోఫీ, జె సూయిస్ బియెన్ అర్రివీ" అని నేనంటే పిల్లలు అనేవాళ్లు. అర్థం ఏంటని శ్రావ్య అడిగితే, "ముందు నోటికి రానీ, అర్థం అదే వస్తుంది" అన్నా. ఎక్కాల రాగంలో మొత్తం ఎక్కించేశా. వంటింట్లోంచి అక్క కాఫీ మీద కాఫీ పంపేది. కిట్టు నిద్రలో కూడా ఫ్రెంచే మాట్లాడుతున్నాడని పక్కింటివాళ్లకు చెప్పుకుని మురిసిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ వస్తుందన్నారు. కొట్టు నాన్న మీద వదిలేసి పరిగెత్తా. బావ స్పీకర్ నొక్కాడు. అవతల మేడం మెత్తగా ఏదో అడిగారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. శ్రావ్య నా వైపు చూసింది. కానివ్వమని ధైర్యంగా తలూపా.

శ్రావ్య చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. రెండో లైన్లో కిట్టు అందుకున్నాడు. సోఫీని పలకరించారు, సముద్రం చూసొచ్చారు, చివర్లో సోఫీ వాళ్ల నానమ్మకు నమస్కారాలు కూడా చెప్పారు. ఎక్కడా తడబడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఛాతీ పొంగింది. అక్క కళ్లొత్తుకుంది.

అంతా విని మేడం ఇంగ్లీషులోకి దిగారు.

"చాలా బాగుంది పిల్లలూ. మీ తెలుగు పాట వినడానికి ఎంత తియ్యగా ఉందో. ఇప్పుడు కొంచెం ఫ్రెంచి మాట్లాడుకుందామా?"

బావ నా వైపు చూడలేదు. ఆయన మర్యాదస్తుడు, అదే నన్ను చంపింది. నేను గోడ మీద క్యాలెండర్లో తిథులు చూసుకుంటూ నిలబడ్డా. పాపం శ్రావ్యే తేరుకుని ఇంగ్లీషులో చెప్పింది, "అది ఫ్రెంచే మేడం. మా మామయ్య నేర్పాడు" అని.

"ఓ" అన్నారు ఆవిడ. పిల్లలిద్దర్నీ ఒకే గదిలో మొదటినుంచీ మొదలుపెట్టిస్తానన్నారు. మామయ్యకు థాంక్స్ చెప్పమన్నారు. బయల్దేరేలోగా దయచేసి ఇంకేమీ నేర్పొద్దని కూడా చెప్పమన్నారు.

ఫోన్ పెట్టేశాక అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఒరేయ్, మరి ఆ మార్కులో?"

"అవి నిజంగానే వచ్చాయక్కా."

"అదేరా నాకు అర్థం కానిది" అంది.

సిగ్గుతో చచ్చిపోయా. నన్నెవరన్నా నాలుగు తిట్టినా బాగుండేది. శ్రావ్య వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నా. "తప్పు నాదేనమ్మా. మీ నాన్న కేసెట్లు తెప్పిస్తానంటే నేనే వద్దన్నా. నా గొప్ప కోసం నిన్ను తీసుకెళ్లి తమ్ముడి పక్కన కూర్చోబెట్టా" అన్నా.

అది చున్నీతో ముక్కు తుడుచుకుని, "పోనీలే మామయ్యా, నువ్వు కూడా మాతో వచ్చేయ్. ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకుందాం" అంది.

నాకు కళ్లు చెమర్చాయి. "అయితే మీ ఇద్దరి మధ్యలో కూర్చుంటాలే" అన్నా.

గుమ్మంలో నిలబడి వింటున్న కిట్టు ఒప్పుకోలేదు. "మధ్యలో వద్దు, చివర కూర్చో. మాది చూసి రాసేస్తావ్."