చిటికెడు పొలం

సునామీ వచ్చిన మూడేళ్లకు, మా దీవిలో సిప్పీఘాట్ బస్సులో, ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో మట్టి సంచి ఉంది.

"ఏటి బాబూ అది?"

మా పొలం మట్టి, పరీక్షకి తీసుకెళ్తున్నానని చెప్పాను. సముద్రం ఎక్కిన పొలం. గట్లు వేసి, వాననీళ్లు నిలబెట్టి, వదిలేసి, మూడు వానాకాలాలు ఉప్పు కడిగాను. గడ్డిపోచ కూడా మొలవలేదు.

ఆవిడ అడక్కుండానే సంచిలో వేళ్లు పెట్టి, చేపలకి ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టే, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంది. కాసేపుండి కిటికీలోంచి ఉమ్మింది.

"నమక్ ఉంది. నిరుడెలాగుంది?"

"నిరుడు రుచి చూడలేదమ్మా."

"మరి తగ్గిందో నేదో నీకెలాగ తెలుస్తాది?"

చిరాకేసింది. మట్టి తినేవాణ్ణా నేను? డాలీగంజ్‌లో గంప ఎత్తుకుని ఆవిడ దిగిపోయింది.

అప్పట్నుంచి ఏటా వానలు వెళ్లాక ఆ మట్టి నోట్లో వేసుకుంటున్నాను. ఈసారి వెంటనే ఉమ్మబుద్ధి కాలేదు. ఉప్పే తగ్గిందో, నా నాలుకే అలవాటు పడిందో అర్థం కాక, మా ఆవిణ్ణి పిలిచి చిటికెడు పెట్టాను.

తను కళ్లు మూసుకుని చప్పరించి, ఉమ్మకుండా మింగేసింది.

"ఇంకొంచెం పెట్టు," అంది.