అవతలి గట్టు

మొన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని టీవీ పెడితే, యుద్ధానికి భయపడి వస్తున్న ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఒక చెక్కవంతెన దాటుతున్నారు. ఇవతల రుమేనియా, కింద తీసా నది అన్నారు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మామా, అన్నం సల్లగైతున్నది, తినుండ్రి" అని కోడలు రెండుసార్లు చెప్పింది. ఆ నదిని నేనెప్పుడూ చూడలేదు గానీ, దాన్ని పప్పుతో గీసి చూపిన మనిషితో కలిసి బతికాను.

తొంభైల్లో నేను ఖతర్‌లో, మెసైమీర్ క్యాంప్‌లో కంపెనీ పికప్ డ్రైవర్ని. మా ఊళ్ళో వాళ్ళకు అదీ దుబాయే. మా గదిలో క్రేన్ నడిపే రుమేనియా పెద్దాయన ఉండేవాడు, అరవైకి దగ్గరపడ్డవాడు. అన్నా అనేవాణ్ణి. మా పప్పన్నం బాగా మరిగాడు. తినబోయే ముందు మాత్రం రోజూ ఒక తంతు. అన్నాన్ని పళ్ళెం అంచున కుప్పలు పోసి కొండలనేవాడు, ఒక పక్కగా పప్పు పారించి నది అనేవాడు. అది వాళ్ళ మరమురేష్ సీమ. గుడి నుంచి వీధి గుమ్మం దాకా అన్నీ కొయ్యతోనే చెక్కుకుంటారట, ఇంటికన్నా గుమ్మమే గొప్పగా ఉండాలట. ఎండలో డ్యూటీ చేసొచ్చి ఆకలితో కళ్ళు తిరుగుతుంటే ఈ భూగోళం పాఠమేమిటని విసుక్కునేవాణ్ణి.

ఒకప్పుడు నదికి రెండు పక్కలా ఒకటే సీమ. తల్లిలేని ఈయన్ని పెంచిన అక్క, వంతెన మీదుగా అవతలి ఊరికి కోడలిగా వెళ్ళింది. తర్వాత ఈయన చిన్నప్పుడే వచ్చిన యుద్ధంలో వంతెన కూలింది, నదే సరిహద్దయింది. "బ్రిడ్జ్ మాఫీ, బోట్ మాఫీ. ఓన్లీ సోల్జర్" అనేవాడు. మాఫీ అంటే అక్కడి అరబ్బీలో లేదని. గట్టు మీద నిలబడి మాట్లాడితే సైనికులు ఊరుకోరు. చావు ఏడుపుని మాత్రం ఆపలేకపోయారు. అందుకని ఊళ్ళో కబుర్లన్నీ ఏడుపు రాగంలోనే అవతలికి చేరేవట. పోయినవాళ్ళను కూడా గట్టు మీంచే పేరు పెట్టి పిలిచి సాగనంపాలి. విన్నామని అవతలి నుంచి ఎవరో ఒకరు పలికేదాకా ఇటువాళ్ళు కదలకూడదు.

ఒక గురువారం ఆఫీసుకు ఫోనొచ్చింది, అక్క పోయిందని. తల్లో తండ్రో పోతేనే సెలవన్నారు. పెంచింది అక్కేనని ఆయన ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు శుక్రవారం, డ్యూటీ లేదు. అన్నం కలపకుండా కూర్చుని, "బ్రదర్, వాటర్ కావాలి. బిగ్ వాటర్" అన్నాడు. పికప్‌లో వక్రా సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాను. "అన్నా, మీ ఊరు ఇటు కాదే, ఎనుక దిక్కున్నది" అన్నాను. "నో ప్రాబ్లం. అక్క వాటర్‌కి అవతల" అన్నాడు.

టోపీ తీసి అక్కను పేరు పెట్టి పిలిచాడు. క్రేన్ మీంచి కేకలేసే ఆ గొంతులో అంత సన్నటి రాగం ఉందని నాకు తెలియదు. వలలు సర్దుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు. పిలవడం అయ్యాక అలాగే నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కుతోంది, ఆయన కదలడు. విన్నామని పలకడానికి అవతల ఎవరూ లేరు. చెప్పులు విడిచి మోకాటి లోతు నీళ్ళలోకి నడిచి, ఆయన వైపు తిరిగి, తండ్రి వయసు మనిషని చూడకుండా గట్టిగా అరిచాను.

"ఇన్న తమ్మీ! ఇన్న! ఇగ ఇంటికి పో!"

మాటలన్నీ తెలియకపోయినా తల ఊపాడు. టోపీ పెట్టుకుని బండి వైపు నడిచాడు.

టీవీలో ఆ వంతెన దాటడానికి మనుషులకు అయిదు నిమిషాలైనా పట్టడం లేదు. ఆ నీళ్ళ ముందే ఒక తమ్ముడి బతుకంతా గడిచిపోయింది.